ఉమ్ యూసుఫ్‌తో కుట్టు మిషన్ బేరం

మొన్న శుక్రవారం కుట్టు మిషన్ అమ్మడానికి వెళ్లి, కుంటుకుంటూ తిరిగొచ్చానండి. ఎలాగో చెప్తాను, నవ్వకండి.

మా ఆవిడ రమణకి ఏడో నెల. పురిటికి కువైట్ నుంచి అమలాపురం వెళ్తోంది. ఫ్లాట్ ఖాళీ చేసి నేను బ్యాచిలర్ రూముకి మారాలి, అక్కడ మంచానికే చోటు చాలదు. "మిషన్ అమ్మేయండి" అంది. అంది గానీ, ఆ రాత్రే దానికి నూనె వేసి, తుడిచి, పాత చీర కప్పింది. "మంచి చేతుల్లో పడితే చాలండీ" అని అటు తిరిగి పడుకుంది.

ఫోటో తీసి యాప్‌లో పెట్టాను. కొనేది అరబ్బులే కదా అని ట్రాన్స్‌లేటర్‌తో అరబీలో రాశాను. మర్నాడే ఉమ్ యూసుఫ్ అనే పేరుతో, అంటే యూసుఫ్ వాళ్లమ్మ, అరబీలో మెసేజ్ వచ్చింది. తెలుగులోకి మార్చి చూస్తే, "యంత్రం ఆరోగ్యం ఎలా ఉంది?" అని ఉంది. "దేవుడి దయవల్ల కులాసా" అని పంపాను. మూడు రోజులు ఇలాగే బేరం. మొత్తానికి కుదిరింది.

నేను పనిచేసే షువైఖ్ గ్యారేజీలో పికప్ బండి అడిగి తీసుకుని, సబా అల్ సలేం పేటలో ఆవిడ ఇచ్చిన అడ్రసుకి వెళ్లాను. కువైటీ ఆవిడ కదా అని ఇస్త్రీ చొక్కా వేసి, సెంటు కొట్టి, దారి పొడుగునా అరబీ వాక్యాలు బట్టీ పట్టాను.

వెనక గేటు తీసుకుని తలమీద ముసుగుతో ఒకావిడ వచ్చింది. నేను బట్టీ పట్టిందంతా అప్పజెప్పాను. ఆవిడ కూడా తడుముకుంటూ అరబీలోనే ఏదో అంది. చక్రం తిప్పి చూపించాను, తల ఊపింది. దించుతుంటే స్టాండు జారి నా బొటనవేలి మీద పడింది.

"ఓరి నాయనో, చచ్చాన్రా" అన్నాను.

"అయ్యో, దెబ్బ తగిలెనా అన్నా?" అంది ఆవిడ.

వేలు పట్టుకున్నవాణ్ణి తలెత్తి చూశాను.

"మీరు తెలుగువారా అమ్మా?"

"మాది రాయచోటి అన్నా. నువ్వు అరబీలో రాసినావు, అరబోళ్లనుకుంటి. ఆ ఫోన్‌లో మార్చి మార్చి నా కండ్లు పోయినాయి."

పేరు ఖైరున్నీసా. ఆ ఇంట్లో వంటమనిషి. మిషన్ గదిలో పెట్టుకోమని వాళ్ల మామా, అదే ఇంటి యజమానురాలు, ఒప్పుకుందట.

"కుట్టడం వచ్చా అమ్మా?"

"రాదన్నా. నేర్చుకోవల్ల. ఈసారి ఇంటికి పోతే మళ్లీ ఇంకొకరి వంటింట్లోకి రాకూడదు. రవికలు కుట్టుకుంటా నా కొడుకు యూసుఫ్ కాడ్నే ఉండాల."

రమణకి వీడియో కాల్ చేసి ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. అంతే. సూదికి దారం ఎక్కించడంతో మొదలైంది. "కాలు మెల్లిగా ఆడించు చెల్లీ. గుడ్డని లాగకు, అదే నడుస్తుంది." ఆ గేటు దగ్గర గంటసేపు ఒంటికాలి మీద నిలబడ్డాను. పాత తువ్వాలు మీద మొదటి కుట్టు వంకరటింకరగా పడింది. ఖైరున్నీసా దాన్ని ఫోన్‌కి చూపిస్తే రమణ కళ్లొత్తుకుంది.

ఆవిడ డబ్బు తీస్తుంటే రమణ ఫోన్లోంచే, "ఏవండీ, మీరు పట్టుకోకండి" అంది. పట్టుకోలేదు. ఖైరున్నీసా డబ్బా నిండా బిర్యానీ పెట్టిచ్చింది, అది పట్టుకున్నాను.

ఇప్పుడు ఫ్రిజ్ అమ్మాలి. నిన్న ఒకాయన అరబీలో మెసేజ్ పెట్టాడు. నేను మళ్లీ మోసపోతానా? "మీది ఏ జిల్లా అండి?" అని శుభ్రంగా తెలుగులో రాశాను. నన్ను బ్లాక్ చేశాడు.

ఫ్రిజ్ బేరం రమణ తన ఫోన్‌లోకి మార్చేసుకుంది. నేను ఫ్రిజ్ మోయడానికి మాత్రం వస్తే చాలంది.