నెల కూలికి బదులు చొక్కాల మూట

మా సంసారాన్ని రెండు పూటల సంగటి నుంచి ఒక పూట గంజికి దించిన ఘనత యుద్ధానిది కాదు, కరువుదీ కాదు. అచ్చంగా నాది. ఎలా దించానో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. అప్పట్లో నా భార్య కాంతమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె స్థానంలో ఉంటే మీరూ నవ్వరు.

యుద్ధకాలంలో తిరుపతిలో ఒక రేకుల షెడ్డులో సిపాయిలకు ఖాకీ చొక్కాలు కుట్టేవాళ్లం. కాంట్రాక్టరు వరదయ్య. గుడ్డ కత్తిరించేది దావీదు మాస్టరు, మా అందరికీ పెద్ద. ఇంకో నలుగురితో పాటు నా పని కాజాలు కుట్టడం. తినే కాజాలు కావండీ, గుండీలు దూరే కంతలు. ఆ పాటి ఉద్యోగానికే నాకు మిలిటరీ పొగరు ఎక్కింది. సంతకు వంకాయలకు వెళ్లినా కవాతు నడకే. ఎవరైనా "ఏం పని అప్పా?" అని అడిగితే "పటాలం పని" అనేవాణ్ణి. యుద్ధం ముగిసిందని తెలిసిన రోజు వీధంతా తిరిగి బెల్లం పంచాను. నా ఉద్యోగం పోతున్నందుకు నా చేత్తోనే తీపి పంచుతున్నానని నాకేం తెలుసు?

కొన్నాళ్లకే వరదయ్య అందరినీ పిలిచి నిలబెట్టాడు.

"ఇంక చొక్కాలు వద్దన్నారప్పా. రేపట్నుంచి ఎవురూ రావద్దండి."

మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగలదని మాకు అప్పటిదాకా తెలియదు. ముందుగా నోరు తెరిచింది దావీదు మాస్టరే.

"పనిలో పెట్టుకున్నప్పుడు ఏం చెప్పినావు సామీ? పని నిలిపేస్తే ఒక నెల కూలి ఎక్కువిస్తానన్నావు కదా?"

"లేదన్నానా? రొక్కం కావాలంటే రొక్కం తీసుకోండి. వద్దంటే మిలిటరీవాళ్లు వెనక్కి పంపిన చొక్కాలుండాయి, మూట ఇచ్చేస్తా. మీ ఇష్టం."

అంతే, నా బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. అది పని చేసిన రోజులు నా జీవితంలో తక్కువ, చేసిన ప్రతిసారీ ఇంట్లో పొయ్యి ఆరింది. అవి గుడ్డ కూడా కంట్రోలు కింద కొలిచి ఇచ్చే రోజులు. మా పక్కింట్లో తల్లీకూతుళ్లకు గట్టి చీర ఒక్కటే. ఒకరు బయటికి పోతే ఇంకొకరు తలుపేసుకుని లోపల కూర్చునేవాళ్లు. అలాంటి కాలంలో మూటెడు కొత్త చొక్కాలంటే మాటలా!

దావీదు మాస్టరు నన్ను పక్కకు లాగాడు. "రత్నం, ఇది ఆయన పెట్టే బిచ్చం కాదురా, మనకు రావాల్సిన కూలి. ఇంకో పని దొరికేదాకా గింజలు కొనుక్కునేదానికి ఇచ్చేది. రొక్కం తీసుకో."

"నువ్వు గుడ్డ కత్తిరించేవాడివి మాస్టరూ, యాపారం నీకు తెలీదు."

"ఆ చొక్కాలు ఎందుకు వెనక్కొచ్చినాయో అడిగినావా?"

"యుద్ధం అయిపోయింది కాబట్టి వచ్చినాయి. ఇంకెందుకొస్తాయి?"

ఆయన ఇంకేదో చెప్పబోయి, చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఊరుకున్నాడు. నేను పోయి చెల్లుచీటీ మీద సంతకం పెట్టాను, ఇక నాకు రావాల్సింది ఏమీ లేదని. మూట విప్పి చూడకుండానే పెట్టాను. విప్పితే వరదయ్య మనసు మార్చుకుంటాడేమోనని భయం!

ఇంటికి పోయేసరికి కాంతమ్మ ఒళ్లో పసిబిడ్డతో గడపలో కూర్చుని ఉంది. సంగతంతా విని మూటను చూసింది, నన్ను చూసింది.

"కూలి యాడ?"

"ఇదే కూలి. చిత్తూరుకు పోయి అమ్మినానంటే మూడింతలు వస్తాది."

"ఈ రాత్రికి ఏం చేసేది? చొక్కా ఉడకేసి పెట్టేదా?"

బస్సు చార్జీకి డబ్బుల్లేక రెండు వారాలు చేబదుళ్లతో, గంజితో నెట్టాం. ఆ తర్వాత ఆమె ఇత్తడి బిందె కుదువ పెట్టి బస్సు చార్జీ తెచ్చి ఇచ్చింది. బిడ్డకు పాలు చాలడం లేదని, తొందరగా రమ్మని మాత్రం చెప్పింది.

బొగ్గుతో నడిచే బస్సులో దగ్గుకుంటూ చిత్తూరు చేరాను. మార్కెట్టు దగ్గర గోనెపట్టా పరిచి కేక వేశానో లేదో జనం మూగారు. పలమనేరు నుంచి వచ్చిన ఒక లావుపాటి రైతు చొక్కా తొడిగి గుండీలు పెట్టుకున్నాడు.

"బాగుండాదే!" అని తృప్తిగా ఊపిరి పీల్చాడు. పై నుంచి కింది దాకా గుండీలన్నీ వరసగా జారిపోయి చొక్కా తలుపుల్లాగా తెరుచుకుంది.

"ఇదేందప్పా?"

"గాలి కోసం," అన్నాను.

ఆయన మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి తుమ్మాడు. మళ్లీ తెరుచుకుంది. జనం పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వులు విని హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. ఖాకీ గుడ్డ చూశాడు, లోపలి ముద్ర చూశాడు, నా మెడ మీద చెయ్యి వేశాడు.

"మిలిటరీ సొత్తు! యాడ కొట్టుకొచ్చినావురా?"

"కొట్టుకురాలేదు సామీ, కుట్టుకొచ్చినాను!"

స్టేషనులో నా చేతికి సూదీ దారం ఇచ్చి, ఒక గుడ్డపేలిక పడేశాడు. "నువ్వే కుట్టింటే ఇప్పుడు కుట్టి సూపించు."

ఒక కాజా కుట్టాను. ఆయన దాన్ని చొక్కా కాజా పక్కన పెట్టి చూశాడు. తర్వాత అందులోకి తన బొటనవేలు దూర్చాడు. ఇబ్బంది లేకుండా దూరింది.

"కుట్టింది నువ్వేలే. అయినా సొత్తు నీదని ఎవురు చెప్తారు?"

చెల్లుచీటీ తిరుపతిలో వరదయ్య దగ్గర ఉంది. నాకు తోచిన పేరు ఒక్కటే. దావీదు మాస్టరు చిత్తూరులో కోర్టు వీధిలో మిషను పెట్టుకున్నాడని విన్నాను. అది చెప్పాను. ఆయన్ను పిలిపించేసరికి మర్నాడైంది. అప్పటిదాకా కటకటాల వెనక కూర్చుని, బిడ్డ ఏడుపు తలుచుకుంటూ ఉన్నాను. పటాలం పొగరు ఎప్పుడు దిగిపోయిందో కూడా తెలియలేదు.

మాస్టరు వచ్చి చొక్కాను ఒకసారి చూసి దణ్ణం పెట్టాడు.

"ఇవి వీడి కాజాలే సామీ. ఇంత పెద్ద కంతలు ఈ జిల్లాలో ఇంకొకడు కుట్టలేడు. సిపాయి సలాము కొడితే చొక్కా తెరుచుకుంటా ఉండాదని మిలిటరీవాళ్లు ఈ మూటలు వెనక్కి కొట్టినారు. నెల కూలి కింద వీడు తీసుకునింది నా ముందరే."

హెడ్డు నన్ను చూసి నవ్వలేదు. అదే నాకు ఎక్కువ అవమానంగా తోచింది. "వీణ్ణి తీసుకుపో. చొక్కాలు మాత్రం విచారణ అయ్యేదాకా ఈడే ఉంటాయి." వాటి కోసం మళ్లీ ఆ గడప తొక్కే ధైర్యం నాకు లేకపోయింది.

బయటికొచ్చాక అడిగాను. "ఈ సంగతి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు మాస్టరూ?"

"అంతమందిలో చెప్పేదా? వరదయ్యకు ఆ కాజాలు ఎవురివో తెలీదు. తెలిసింటే నీకు ఆ మూట కూడా ఇచ్చేవాడు కాదు. అందుకే రొక్కం తీసుకోమన్నా."

ఆయన తన నెల కూలితో పాత మిషను కొని, వకీళ్ల కోట్లు కుడుతున్నాడు. నేను మూటను నమ్ముకున్నాను. ఇద్దరం ఒకే షెడ్డులోంచి ఒకే రోజు బయటపడినవాళ్లం.

"నాకేదైనా పనుండాదా మాస్టరూ?" అని నేల చూస్తూ అడిగాను.

ఆయన నా చేతుల వంక చూశాడు. "గుండీలు కుట్టు. కాజాల జోలికి వచ్చినావంటే చేతులిరగ్గొడతా."

బస్సు చార్జీ, ఇంత రాగిపిండి ఇచ్చి, ఇంటిదాన్ని తోడుకొని రమ్మని పంపాడు.

ఇల్లు చేరేసరికి బిడ్డ ఏడవడం లేదు. ఏడిచే ఓపిక లేదు. నేను పారిపోయానని వీధంతా తీర్మానించేసింది. కాంతమ్మ నా చేతిలోని పిండి లాక్కుని పొయ్యి దగ్గరికి పోయింది. పలచటి జావ వేలితో బిడ్డ నోట్లో పెడుతూ కూర్చుంది. చాలాసేపటికి బిడ్డ కయ్యిమని ఏడిచింది. అంత మంచి కేక నేను మళ్లీ ఎప్పుడూ వినలేదు. అప్పుడు కాంతమ్మ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది. నేను ధైర్యం చేసి జరిగిందంతా చెప్పాను.

"మాస్టరు పని ఇచ్చినాడు, గుండీలు కుట్టే పని," అన్నాను.

"గుండీలేనా? కాజాలు ఎవురు కుడతారు?"

"ఆయనే."

"అట్లయితే ఈ పని కొన్నాళ్లు నిలుస్తాది లే," అంది కాంతమ్మ.

కాబట్టి మీ అందరి సాక్షిగా, సూది మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నన్ను పనిలోంచి ఎవరు తీసేసినా, ఎన్నిసార్లు తీసేసినా, రావాల్సిన కూలి రొక్కంగానే తీసుకుంటాను. అది కాంతమ్మ చేతిలో పడి, ఆమె సరేనని తల ఊపాకే సంతకం పెడతాను. ఆమె పక్కన లేకపోతే నాకు చదువు రాదని చెబుతాను. వేలిముద్ర వెయ్యమంటే, వేలు కూడా లేదంటాను.