గుడ్డముక్కతో మానిటర్ బేరం

మా పిన్ని ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. డిజైన్లు చూసుకోవడానికి ఇంట్లో కంప్యూటరుకి పల్చటి మానిటర్ కావాలని నన్ను వెంటేసుకుని షాపుకెళ్లింది. షాపతను అంగుళాలూ పిక్సెళ్లూ ఏకరువు పెడుతుంటే, సంచిలోంచి వంగపండు రంగు గుడ్డముక్క తీసింది. "దీని ఫొటో నా ఫోన్లో ఉంది. అన్నిట్లోనూ పెట్టు నాయనా."

అతను ఫొటోని తన బిల్లింగ్ కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి తొమ్మిది తెరల మీదా వేశాడు. పిన్ని దారం మ్యాచింగ్ చూసినట్టు గుడ్డని ఒక్కోదానికీ ఆనించింది.

"ఇది వెలిసిపోయింది. ఇది మరీ మండిపోతోంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతలో కౌంటర్ మీది చిన్న మానిటర్ దగ్గర ఆగి, "ఇదీ రంగంటే!" అంది.

"అది అమ్మేది కాదమ్మా, మేం బిల్లులు కొట్టుకునేది!"

"అంటే మంచిది నువ్వుంచుకుని, మిగతావి మాకు అంటగడుతున్నావా?"

అతను పడీపడీ నవ్వి, దాని వైర్లు పీకడం మొదలుపెట్టాడు.