భోజనం తర్వాత చూడని పట్టీ

తెలంగాణ రావడానికి మూడేళ్ల ముందు, ఏప్రిల్‌లో, పొద్దున ఆరింటికి గోదావరిఖనిలో దిగాం. అప్పటికే ఉక్కపోత. ఓపెన్‌కాస్టు బొగ్గుగని పక్కన మందుగుండు గోదాముకు ఆరు నెలల కాపలా. రెండు రేకుల షెడ్లు, ఇసుక బస్తాల బంకరు, ఎనభై అడుగుల వైర్‌లెస్ టవరు. టవరెక్కడానికి మా పోలీసు బెటాలియన్ బెల్టులు మాత్రం పంపలేదు. అడిగితే వస్తాయన్నారు. ఇప్పటికీ వస్తూనే ఉండుంటాయి.

మేమే చేసుకున్నాం. లారీ సామాను కట్టే నైలాన్ నవారు, ఇనుప బకిళ్లు, మైనపు దారం. నడుముకు ఒక పట్టీ, తొడలకు రెండు. దాన్ని జీను అనేవాళ్లం. కుట్టింది నేను. ఎక్కేది మా వైర్‌లెస్ ఆపరేటరు. నస్పూర్ వాడు, తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. నియమం ఒక్కటే: పట్టీ కొసను బకిల్‌లోంచి తీసి, మళ్లీ అదే బకిల్‌లోకి వెనక్కి దూర్చాలి. జానెడు మిగలాలి. ఎక్కే ముందు నేను లాగి చూడాలి.

ఒకరోజు గాలిదుమారానికి యాంటెన్నా వంగింది. పదకొండింటికి పట్టీలు లాగి చూసి పంపాను. ఒంటిగంటకు తిండికి దిగాడు, జీను విప్పకుండానే. బాయిలో కార్మికులు తినడానికి కూర్చుంటే నడుముకున్న టోపీ లైటు బ్యాటరీ బెల్టు వదులు చేసుకుంటారట. తండ్రి అలవాటే వాడికీ వచ్చింది. నడుం పట్టీ వదులు చేసి, పప్పన్నం తింటూ నన్ను ఆటపట్టించాడు.

"దర్జీ దుకాణం పెట్టుకో అన్నా. గిరాకీ మస్తుగుంటది."

రెండింటికి బంకరులోంచి హవల్దారు అరిచాడు. "సెట్టు పలుకుతలేదు, జల్ది ఎక్కించు!"

వాడు నడుం పట్టీ బిగించుకుంటూనే టవరు దగ్గరికి నడిచాడు.

"ఆగు, చూస్త," అన్నాను.

"పొద్దుగాల నువ్వే చూసినవ్ గదన్నా. ఫికర్ చెయ్యకు."

ఎండ మండుతోంది. నేను నీడలోంచి లేవలేదు. అంతకు మించి కారణం లేదు.

టవరును చుట్టిన తాడు ఆ నడుం పట్టీకే ఉంది. పైన రెండు చేతులూ వదిలి, జీను మీద బరువు వేశాడు. వెనక్కి దూర్చని కొస బకిల్‌లోంచి జారిపోయింది. నేను చూస్తుండగానే పడ్డాడు.

దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. పాత నవారు తెగిందని మావాళ్లు కాగితం రాశారు. సంతకం పెట్టాను. షిఫ్టు నుంచి నేరుగా వచ్చిన వాడి తండ్రి నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా. నవారు పాతదాయె."

చెబుదామని నోరు తెరిచాను. పిరికివాణ్ణి, చెప్పలేదు.

డ్యూటీ ముగిశాక కొత్తగూడెంలో ఇంటికి చేరాను. భార్య అన్నం వడ్డించింది, పిల్లలు కబుర్లు అడిగారు. నాకు మాత్రం దవాఖాన బల్ల మీద వాడి నడుం కింద నుంచి తీసిన పట్టీయే కనిపిస్తోంది. ఎక్కడా తెగలేదు. నేను వేసిన కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.