కందుల డబ్బా

ఆ రోజు నేను రేకు డబ్బాలో కందులు పోస్తున్నాను. అంతే. పక్కన చదువుకుంటున్న మా మౌనిక చెవులు మూసుకుని కూలబడిపోయింది. ఊపిరి అందడం లేదు, చేతులు చల్లగా అయిపోయాయి. తొమ్మిదో తరగతి పిల్ల, జలుబు కూడా ఎరగనిది. కందులు ఉన్నవి ఉన్నట్టు వదిలేసి, షేర్ ఆటోలో ఝరాసంగం నుంచి జహీరాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను.

ఈసీజీ తీశారు, రక్తపరీక్షలు చేశారు, థైరాయిడ్ కూడా చూశారు. అన్నీ నార్మల్. నార్మలైతే పిల్ల ఎందుకు పడిపోయిందని గొంతు పెంచాను. నాకు నోరు కాస్త ఎక్కువే. డాక్టరమ్మ కోప్పడకుండా, ఈమధ్య ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. అప్పుడు చెప్పాను. నెల కిందట వడగండ్ల వాన పడ్డప్పుడు మౌనిక చేను దగ్గరి రేకుల కొట్టంలో ఉంది. గాలికి రేకులు లేచిపోయాయి. గోడ కూలి మా ఎద్దు మౌనిక కళ్ల ముందే చచ్చిపోయింది. పిల్లకు దెబ్బ తగల్లేదు కదా అని మేమంతా సంతోషపడ్డాం.

“ఇది ప్యానిక్ అటాక్ అమ్మా. పీటీఎస్‌డీ అనిపిస్తున్నది, అంటే ఆనాటి భయం మనసుల అట్లనే ఉండిపోయింది. కౌన్సెలింగ్‌కు తీస్కరాండ్రి” అంది.

తీసుకెళ్లాను. కానీ ఇంట్లో నా వైద్యం నాదే. డబ్బాలో పోస్తే రేకుల మీద వడగండ్ల చప్పుడే వస్తుందని కందులు గోనెసంచిలో దాచాను. కుక్కర్ పెట్టడం మానేశాను. మబ్బు పడితే కోహీర్‌లో మా అక్క వాళ్ల స్లాబు ఇంటికి పంపేదాన్ని. బడిలో వాళ్ల తరగతి రేకుల షెడ్డులో నడుస్తుంది కాబట్టి బడి కూడా మాన్పించాను. అటాక్‌లు తగ్గకపోగా పెరిగాయి. చివరికి గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడేది. ఇక ఈ పిల్ల బడి మొహం చూడదేమోనని ఏడ్చాను.

“నువ్వు దాచినకొద్ది భయం పెద్దగైతది” అంది కౌన్సెలర్ మేడం. ఆ వానకు బెదిరిన పిల్లలతో ఒక సారు బడి ఆవరణలో పాటల నాటకం వేయిస్తున్నాడని, పంపమని చెప్పింది. పాటలు పిల్లలే కట్టుకున్నారు, హార్మోనియం సారుది. మూడో రోజు వడగండ్ల సీనులో ఎవరో డబ్బాలో కందులు పోశారు. మౌనిక పడిపోయింది. నేను పోయి సారును దులిపేశాను, బాగుచేయమని పంపితే ఇంకా భయపెడతారా అని. ఆయన వెంటనే డబ్బా తీసేయించాడు.

రెండు వారాలు మౌనిక పాటలే పాడింది. తర్వాత ఒకరోజు నా ముందే సారునడిగింది.

“ఆ డబ్బా నాకియ్యుండ్రి సార్. నేనే పోస్త. నా చేతిల ఉంటే నేను ఆపొచ్చు గద.”

మేడంను అడిగి, మొదట గుప్పెడు పోయించారు. పోసింది, ఆపింది, ఊపిరి తీసుకుంది. ఇంకో రోజు దోసెడు. ఒకరోజు మళ్లీ వణికి, డబ్బా పక్కకు నెట్టేసింది. మర్నాడు తనే దగ్గరికి లాక్కుంది.

నాటకం నాడు వడగండ్లు మౌనికవే. పిల్లలు ఎద్దు పాట ఎత్తుకున్నారు. ఏడుస్తూనే పోసింది, పాట అయిపోగానే ఆపేసింది. చప్పుడు ఆగాక చూసుకుంటే నా రెండు చేతులూ నా చెవుల మీదే ఉన్నాయి.

ఇప్పుడు బడికి పోతోంది, ఆ రేకుల షెడ్డుకే. మబ్బు పడితే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. కౌన్సెలింగ్ ఆపలేదు. నాలాంటి తల్లులకు ఒక్క మాట. పిల్ల భయపడే చప్పుడును ఇంట్లోంచి వెళ్లగొట్టకండి, బలవంతంగా వినిపించనూ వద్దు. డాక్టరును అడిగి, ఆపే వీలు పిల్ల చేతికే ఇవ్వండి.

మొన్న కొత్త కందులొచ్చాయి. మౌనిక డబ్బా ముందేసుకుని కూర్చుని నా వైపు చూసింది.

“అమ్మా, పోస్తున్న. భయపడకు.”