తడి ఆరకముందే

నా భార్య సుశీల పోయిన మంగళవారం చనిపోయింది. పొద్దున చాయ్ తాగి, కాసేపు పడుకుంటానంది. మళ్లీ లేవలేదు. సాయంత్రం చిట్యాల దగ్గరి మా పొలంలో పూడ్చాం.

ఈరోజు మేస్త్రీ ఆమె సమాధి కట్టి వెళ్లాడు. తడి గోడ వాసనకు నిజాం కాలంనాటి మా ఇల్లు గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు గుర్తుందా, గానుగలో నూరిన సున్నంలో బెల్లం నీళ్లు కలిపినప్పుడు వచ్చే వాసన? మా బాపు గోడలు కట్టే సుతారి. ఆయన బట్టల నిండా అదే వాసన.

అమ్మ పోతే సమాధి బాపే కట్టాడు. సున్నం పూత ఆరకముందే మా ఊరి దొర ఉండే కోటలాంటి గడి నుంచి మనిషి వచ్చాడు.

"సుతారీ, గడి గోడ కట్టాలె. వెట్టికి నడువ్."

"జర ఆగు అయ్యా. దీనికి నీళ్లు పట్టకుంటే పగుల్తది."

"సచ్చినామెకు తొందరేందిరా? నడువ్."

ఇంట్లో మిగిలింది మంచం దిగలేని అవ్వ, బిందె ఎత్తలేని నేను. వారం తర్వాత బాపు వచ్చేసరికి ఎండకు సమాధి నడుమ పగిలింది. ఆ పగులు మీద చెయ్యి పెట్టి అన్నాడు:

"దొర గోడకు దినాం నీళ్లు పట్టిన బిడ్డా. మీ అమ్మకు పట్టలేకపోయిన."

రేపు పొద్దున్నే బిందె తీసుకెళ్లి సుశీల సమాధికి నీళ్లు పడతాను.