తరుగు లేని తూకం

ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ తూకం మిషనే కనిపిస్తుంది. బాన్సువాడలో మా పక్కింటి కోడలు. కడుపుతో ఉండగా, ఆరో నెలలో రొమ్ము క్యాన్సర్ బయటపడింది. హైదరాబాద్ దవాఖానకు తోడు వెళ్ళి, డాక్టరమ్మతో నేనే వాదించానని ఊరంతా చెప్పుకున్నాను. అబద్ధం. నేను మూలన కూర్చున్నాను. మాట్లాడింది ఆ పిల్లే.

అక్కడ ఒంటి బరువు చూసి కీమో మందు మోతాదు కడతారు. ఆమె మిషనెక్కి, రెండు చేతులతో పొట్టను పైకెత్తి పట్టుకుంది.

"ఏందమ్మా అది?" అంది డాక్టరమ్మ.

"వడ్లు తూకమేస్తే ఖాళీ సంచి బరువు తరుగని తీసేస్తరు గద మేడం. గట్లనే నా బిడ్డ బరువు తీసేయిండ్రి. దానికెందుకు విషం?"

"తీస్తే నీకే నష్టం. కడుపుతోని ఉంటే ఒంట్ల రక్తం పెరిగి మందు పలచబడతది. కిడ్నీలు జల్ది బయటికి పంపుతయి. ఇంకా తగ్గిస్తే రోగం మిగులుతది."

"మరి బిడ్డకు?"

"కొంత మందు పోవచ్చు. చూసుకుంటనే ఇస్తం."

"కాకా, ఏమంటవ్?" అని నా దిక్కు తిరిగింది. నేను ఒళ్ళోని రిపోర్టుల సంచి సర్దుకున్నాను.

పొట్ట కింది చేతులు మెల్లగా వదిలింది.

"పూర మందే ఇయ్యిండ్రి మేడం. అది పుట్టినంక ఎత్తుకునేతందుకు నేనుండాలె గద."