సీసం దొరికిన చోటు

యాభయ్యవ దశకంలో ఒక వేసవి. గొట్టంలో మందు కూరి కాల్చే నాటు తుపాకితో, కౌజుపిట్టల వేటకు నల్లమల వైపు పోతూ మైదుకూరులో బస్సు దిగాను. బజారులో మందు దొరికింది గానీ, గుండ్లు పోసుకోవడానికి సీసం దొరకలేదు.

"సాలెవాళ్ల ఇండ్లల్లో అడుగప్పా. ఇప్పుడందరూ ఆడనే కొంటాండారు," అన్నాడు అంగడాయన.

నేతగాళ్లకు సీసంతో ఏం పనో నాకు అర్థం కాలేదు. ఆయన చూపించిన ఇంట్లో ఒక ముసలాయన, ఆగిపోయిన మగ్గం కిందికి వంగి, అంచు పువ్వుల దారాలకు బరువుగా వేలాడే సీసపు కడ్డీలను ఒక్కొక్కటే విప్పాడు. దారాలను మాత్రం తెంపలేదు, పదిలంగా ముడివేశాడు.

"మళ్లీ నేస్తారా?" అన్నాను, ఊరికే ఉండలేక.

ఆయన నా చొక్కా అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"మిల్లు గుడ్డ," అన్నాడు. "మమ్మల్ని చంపేదానికి నీకు తుపాకి గూడా అక్కరలేకపోయె కదప్పా."

ఒళ్లు మండింది. నా జీతానికి ఇంకే గుడ్డ వస్తుందని అనబోయి, చేతిలో సీసం చూసి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ సీసమే కరిగించి గుండ్లు పోసుకున్నాను. మర్నాడు కౌజులు బాగానే పడ్డాయి. కూర తింటుంటే పంటి కింద గుండు తగిలింది. ఉమ్మేసి, కంచంలోనే చేయి కడిగేశాను.